పోట్లాడదామంటే మనిషేడీ?

"పడిందా?"

చిన్న ఊళ్లలో పొద్దున్నే టిఫిన్ బండి దగ్గర వినపడే మాట ఇప్పుడు ఇదే. ఇడ్లీ తిన్న పెద్దమనిషి ఫోన్ ఎత్తి చూపిస్తాడు. బండాయన చేతుల నిండా పిండి. ఆయన ఫోన్ వైపు చూడడు, చట్నీ గిన్నె పక్కనున్న స్పీకర్ డబ్బా వైపు చూస్తాడు. డబ్బా పలకదు. పార్సిల్ కోసం నిలబడ్డ ఆవిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తుంది. "నాకు కట్టయిందండీ" అంటాడు ఆయన. "నాకు రాలేదండీ" అంటాడు ఈయన. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. నలభై రూపాయల దగ్గర ఇద్దరు నిజాయితీపరులు ఒకరినొకరు దొంగల్లా చూసుకోవాల్సి రావడం మన కాలానికి వచ్చిన కొత్త కష్టం.

యూపీఐ మొదలైంది 2016 ఏప్రిల్‌లో. 2025 ఆగస్టు ఒక్క నెలలోనే దాని ద్వారా 2,000 కోట్లకు పైగా లావాదేవీలు జరిగాయి. ఇంత పెద్ద లెక్కలో టిఫిన్ బండి నలభై రూపాయలు ఎక్కడ చిక్కుకుంటాయి? పిన్ కొట్టగానే డబ్బు నేరుగా అవతలి ఖాతాలోకి దూకదు. కట్టేవాడి బ్యాంకు, తీసుకునేవాడి బ్యాంకు, మధ్యలో యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ వ్యవస్థ, ఈ ముగ్గురూ ఒకరికొకరు సరేననుకోవాలి. మొదటి బ్యాంకు డబ్బు తీసేశాక రెండో బ్యాంకు నుంచి జవాబు రాకపోతే తెర మీద 'పెండింగ్' అని తిరుగుతూ ఉంటుంది. డబ్బాది మళ్లీ వేరే కథ. అందులోనూ ఓ సిమ్ కార్డు ఉంటుంది. డబ్బు ఖాతాలో పడినా, ఆ సిమ్‌కు సిగ్నల్ అందకపోతే డబ్బా నోరు మెదపదు. ఫోన్‌పే 2024లో తన తెలుగు డబ్బాలకు మహేశ్‌బాబు గొంతు పెట్టింది. సిగ్నల్ లేని సందులో ఆయనకూ మౌనవ్రతమే.

2025 ఏప్రిల్ 12, శనివారం. దేశమంతా యూపీఐ గంటల తరబడి మొరాయించింది. కారణం ఏమిటని ఆరా తీస్తే తేలిందేమిటంటే, కొన్ని బ్యాంకుల కంప్యూటర్లు పాత లావాదేవీల సంగతి తేల్చమని ఎన్‌పీసీఐని ఆపకుండా అడుగుతూనే ఉన్నాయి. ఆ ప్రశ్నల తాకిడికి వ్యవస్థ కుదేలైంది. అంటే టిఫిన్ బండి దగ్గర మనం అడిగే "పడిందా?"నే యంత్రాలూ అడిగాయన్నమాట, కాకపోతే లెక్కలేనన్నిసార్లు. ఆ తర్వాత ఆగస్టు 1 నుంచి కొత్త హద్దులు వచ్చాయి. ఒక యాప్‌లో రోజుకు 50 సార్లకు మించి బ్యాలెన్స్ చూడకూడదు. నెలాఖరున బ్యాలెన్స్‌ను యాభై సార్లు చూసుకునేంత గుండె నిబ్బరం ఎవరికుందో ఎన్‌పీసీఐకే తెలియాలి.

పాడవడం కొత్తేం కాదు. కరెంటు పోయేది, ట్రంక్ కాల్ దొరికేది కాదు, గ్యాస్ బండ నెల తిరిగినా వచ్చేది కాదు. కానీ అప్పట్లో కోపానికి ఒక చిరునామా ఉండేది. లైన్‌మన్ ఇల్లు ఊరంతటికీ తెలుసు. గ్యాస్ ఏజెన్సీ ఆయన సాయంత్రం గుడిలో ఎదురయ్యేవాడు. బ్యాంకు గుమాస్తా కొడుకు మన పిల్లాడి క్లాసులోనే చదివేవాడు. నిలదీస్తే పని అయ్యేదని కాదు, నిలదీయడానికి ఓ మొహం ఉండేది. ఇప్పుడు "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అనే చాట్ బాట్ ఉంది. ఎంత అరిచినా దానికి బీపీ పెరగదు. పెరిగేది మనకే.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాక వినపడే సంగీతం పుట్టుక కూడా ఓ ప్రమాదమే. 1960ల మొదట్లో అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ లెవీ అనే ఫ్యాక్టరీ యజమాని ఉండేవాడు. ఆయన ఫోన్ తీగ ఒకటి ఊడి భవనం ఇనుప దూలానికి తగిలింది. దాంతో పక్కనున్న రేడియో స్టేషన్ పాటలు ఫోన్‌లోకి వచ్చేశాయి. లైన్‌లో వేచి ఉన్నవాళ్లకు ఇదేదో బాగుందే అనిపించి, లెవీ 1966లో దానికి పేటెంట్ సంపాదించాడు. తీగ ఆ రోజు గట్టిగా బిగించి ఉంటే తర్వాతి తరాల చెవులు కొంత బాగుపడేవి.

మన దగ్గర ఆ సంగీతం కన్నా ముందు ఇంకో మెట్టు ఉంది. "తెలుగు కోసం..." అని గొంతు మొదలుపెట్టేలోపు మూడు భాషలు దాటాలి. ఆ తర్వాత బిల్లుకో నంబరు, రీచార్జికో నంబరు, కొత్త ఆఫర్లకు అడగకుండానే ఓ నంబరు. మనిషితో మాట్లాడే నంబరు మాత్రం చిట్టచివర. టెలికాం కంపెనీలకు నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన ప్రమాణం ప్రకారం, మనిషి కోసం చేసే కాల్స్‌లో నూటికి 95 తొంభై సెకన్లలోపు అందుకోవాలి. వినడానికి బాగానే ఉంది. కిటుకేమిటంటే ఆ గడియారం మొదలయ్యేది మనిషి కావాలని మీరు నంబరు నొక్కాక. ఆ నంబరు ఎక్కడుందో వెతుక్కున్న సమయం మీ ఖాతాలోనిదే.

చిరునామా సంగతి చెప్పుకుంటే తెల్లారిపోతుంది. ఆన్‌లైన్ ఫారం మూడు గళ్లిస్తుంది: ఇంటి నంబరు, వీధి, ల్యాండ్‌మార్క్. మన మున్సిపాలిటీల్లో ఇంటి నంబరంటే వార్డు, బ్లాకు, ఇల్లు కలిపి గీతలతో రాసేది. మధ్యలో కొత్త ఇల్లు లేస్తే పాత నంబరుకే ఓ గీత గీసి, పక్కన ఒకటో, 'ఎ'నో తగిలిస్తారు. దాంతో 14 తర్వాత 14/1, దాని వెనక 14/1ఎ, 15 మాత్రం అవతలి వీధిలో. పోస్ట్‌మన్‌కు ఇవేవీ పట్టవు, ఆయనకు మనుషులు తెలుసు. నెలకోసారి మారే డెలివరీ కుర్రాడికి తెలిసింది ఫోన్‌లోని మ్యాప్ ఒక్కటే.

"అమ్మగారూ, లొకేషన్‌లోనే ఉన్నానండీ."

"ఎక్కడున్నావు బాబూ?"

"ఇక్కడేదో చెరువుందండీ."

"చెరువు దాకా ఎందుకెళ్లావయ్యా! వెనక్కి తిరిగి నీళ్ల ట్యాంకు దగ్గరికొచ్చి, సుబ్బమ్మ గారి మేడ ఎక్కడా అని అడుగు. ఎవరైనా చెబుతారు."

ఆ 'ఎవరైనా చెబుతారు' అన్నదే మన ఊళ్ల అసలు మ్యాప్. విజయవాడలో అలంకార్ సెంటర్, విశాఖలో జగదాంబ జంక్షన్, తిరుపతిలో లీలామహల్ సెంటర్, అన్నిటికీ సినిమా హాళ్లే పేరు పెట్టాయి. ఊరు తనకు తానుగా రాసుకున్న ఇలాంటి చిరునామాలకు ఏ ఫారంలోనూ సరైన గడి లేదు. ప్రభుత్వం మాత్రం ప్రయత్నం మానలేదు. 1972 ఆగస్టు 15న ఆరంకెల పిన్‌కోడ్ వచ్చింది. 50తో మొదలైతే తెలంగాణ, 51 నుంచి 53 దాకా ఆంధ్రప్రదేశ్. ఒక్కో పిన్‌కోడ్ కింద ఎన్నో వీధులు, కొన్నిచోట్ల ఎన్నో ఊళ్లు వస్తాయి. పక్క వీధికి వచ్చే వస్తువు మన వీధికి రాదని యాప్ చెప్పిందంటే, పిన్‌కోడ్ల హద్దు గీత ఏదో మధ్యలోంచి వెళ్లిందని అర్థం. 2025 మే 27న తపాలా శాఖ డిజిపిన్ తెచ్చింది. ఐఐటీ హైదరాబాద్, హైదరాబాద్‌లోనే ఉన్న ఇస్రో వారి ఎన్‌ఆర్‌ఎస్‌సీ దీని తయారీలో చేయి కలిపాయి. దేశాన్నంతా సుమారు నాలుగు మీటర్ల చదరాలుగా కోసి ఒక్కోదానికి అక్షరాలు, అంకెలు కలిపి పది గుర్తులిచ్చారు. మంచి పనే. సుబ్బమ్మ గారు ఆ పదీ గుర్తుపెట్టుకుని ఫోన్‌లో చెప్పే రోజు రావాలి, అంతే.

పేర్ల దగ్గర కష్టం ఇంకాస్త లోతైనది. తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. ఫారం అడిగేది ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్. వెంకట సత్య సూర్యనారాయణ మూర్తి గారిని దీంట్లో ఎక్కడ నరకాలి? ఒక కార్డు మీద ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదాని మీద పొడి అక్షరంగా, మూడోదాని మీద చివర. లక్ష్మి గారికైతే ఇంగ్లిష్ స్పెల్లింగే రెండు మూడు రకాలు. ఇన్నాళ్లూ ఇది ఇంట్లో నవ్వుకునే సంగతి. పాన్, ఆధార్ కలపాలన్న నిబంధన వచ్చాక నవ్వు పోయింది. గడువులోపు కలపని పాన్‌లు 2023 జూలై 1 నుంచి చెల్లకుండా పోయాయి. మళ్లీ నడిపించుకోవడానికి వెయ్యి రూపాయల రుసుము. ఒక అక్షరం తేడా వల్ల మీరు మీరు కాదని కంప్యూటర్ అంటే, నేనే నేనని చెప్పడానికి అక్కడ ఎవరూ కూర్చుని ఉండరు. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉన్నవాళ్లు అమెరికా వెళ్తే, వీసా మీద పేరు గడిలో ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది. ఆ మూడక్షరాలకు అర్థం పేరు తెలియదని. తాతయ్య ఏరి కోరి పెట్టిన పేరుకు పట్టిన గతి అది.

వేలిముద్రలది నవ్వే విషయం కాదు. నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లకు, పొలంలో కలుపు తీసేవాళ్లకు, ఇటుక బట్టీల్లో పనిచేసేవాళ్లకు వేళ్ల మీద గీతలు అరిగిపోతాయి. రేషన్ దుకాణం యంత్రం ఒప్పుకోదు. కొబ్బరినూనె రాసి, చీర కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టిస్తారు. కనుపాప, ముఖ గుర్తింపు లాంటి దారులు వచ్చాయి కాబట్టి కొంత నయం. జీవితమంతా పనిచేసినందుకే యంత్రం గుర్తుపట్టకపోతే అది ఎవరి లోపమో రేషన్ డీలరును అడిగి లాభం లేదు.

ఇన్ని అవస్థల మధ్య చిన్న ఊళ్లు నడుస్తున్నాయంటే నెట్ సెంటర్ కుర్రాడి పుణ్యమే. బస్టాండు ఎదురుగా ఓ గది, రెండు కంప్యూటర్లు, ఓ జెరాక్స్ మిషను. కౌలు రైతు దరఖాస్తు, పిల్లల హాల్‌టికెట్, పెన్షన్‌దారుల లైఫ్ సర్టిఫికెట్ అన్నీ అక్కడే. ఓటీపీ వస్తే పెద్దాయన ఫోన్‌ను అలాగే కుర్రాడి చేతికిచ్చేస్తాడు. కుర్రాడి దగ్గర అట్ట ఊడిన లాంగ్ నోట్‌బుక్ ఒకటి ఉంటుంది. అందులో సగం ఊరి పాస్‌వర్డ్‌లుంటాయి, ఎక్కువ వాటి చివర 123. సైబర్ భద్రతా నిపుణులు చూస్తే మూర్ఛపోతారు, వాళ్ల భయం సరైనదే. కానీ యాప్ తయారు చేసినవాళ్లు వదిలేసిన ఖాళీని ఆ నోట్‌బుక్కే పూడుస్తోంది. దరఖాస్తు తిరిగొస్తే అతణ్ని వెళ్లి తిట్టొచ్చు. అతను టీ తెప్పించి, మళ్లీ నింపి పెడతాడు.

ఊరి బయట కూర్చున్నవాళ్లను నిలదీసే దారులూ లేకపోలేదు, వాటి గురించి మనకు చెప్పేవాళ్లే తక్కువ. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు ఉత్తర్వు ప్రకారం, యూపీఐలో మనిషి నుంచి మనిషికి పంపిన డబ్బు కట్టయి అవతల పడకపోతే మర్నాటికల్లా వెనక్కి రావాలి. దుకాణానికి కట్టినదైతే ఐదు రోజుల్లో. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున బ్యాంకు పరిహారమివ్వాలి, అదీ ఫిర్యాదు కోసం చూడకుండా. బ్యాంకు ముప్పై రోజుల్లో తేల్చకపోతే అంబుడ్స్‌మన్ ఉన్నారు. వస్తువులు, సేవల గొడవలకు 1915 హెల్ప్‌లైన్, అక్కడ తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆన్‌లైన్‌లో డబ్బు మోసం జరిగితే క్షణం ఆలస్యం చేయకుండా 1930.

అన్నిటికన్నా పనికొచ్చేది 2020 జూలైలో అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల చట్టం. కంపెనీ ఆఫీసు గురుగ్రామ్‌లో ఉన్నా బెంగళూరులో ఉన్నా, కేసు మీరుండే జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. కొన్న వస్తువు విలువ ఐదు లక్షల రూపాయల దాకా ఫీజు కూడా లేదు. కాకపోతే చేతిలో కాగితం ఉండాలి. కాబట్టి బిల్లు పారేయకండి, కట్టయిన మెసేజ్ చెరిపేయకండి, కస్టమర్ కేర్ వాళ్లు చెప్పే ఫిర్యాదు నంబరు మాత్రం తప్పకుండా రాసి పెట్టుకోండి.