ఎండ గీసే ముడతలు

చర్మానికి బిగువునిచ్చే కొలాజెన్ అనే ప్రొటీన్ వయసుతోపాటు తగ్గడం సహజమే అయినా, ముఖం మీద ముడతలు త్వరగా పడడానికి ప్రధాన కారణం ఎండలోని అతినీలలోహిత కిరణాలే. వాటిలో యూవీఏ అనే రకం మబ్బులనూ కిటికీ అద్దాలనూ దాటి, చర్మపు లోపలి పొరను చేరి, కొలాజెన్‌ను విచ్ఛిన్నం చేసే ఎంజైములను ప్రేరేపిస్తుంది. ఆస్ట్రేలియాలోని నాంబోర్ పట్టణంలో 1992–96 మధ్య 55 ఏళ్లలోపు వయసున్న 903 మందిని పరిశీలించి, 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, సన్‌స్క్రీన్‌ను రోజూ రాసుకున్నవారిలో, తోచినప్పుడే రాసుకున్నవారికంటే చర్మ వార్ధక్యం 24 శాతం తక్కువగా కనిపించింది. ఖరీదైన క్రీముల ప్రకటనల హోరులో మరుగున పడుతున్న ఈ ఫలితం ఇంటింటికీ చేరవలసినది. గొడుగు, పొడుగు చేతుల దుస్తులు, పొగతాగడం మానివేయడం కూడా అంతే ముఖ్యం. అప్పటికే ఏర్పడిన సన్నని ముడతలను విటమిన్ ఎ సంబంధిత ట్రెటినాయిన్ లేపనం కొంత తగ్గించగలదు గాని, దానిని వైద్యుల సలహాతోనే వాడాలి, గర్భిణులు వాడరాదు.