కరెంటు పోయింది... చేపలు జాగ్రత్త!

వేసవిలో కరెంటు పోతే మనం విసనకర్ర అందుకుంటాం. మరి అక్వేరియంలో చేపలు? కాసేపటికి పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. ఆకలేమోనని మేత వేస్తే అసలుకే మోసం! మిగిలిపోయిన మేత కుళ్లి, ఉన్న కాస్త ఆక్సిజన్‌నీ లాగేస్తుంది. లీటరు నీటిలో 20 డిగ్రీల దగ్గర 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీలకు అది ఏడున్నరే. ఎండ 40 దాటే అనంతపురంలో పంపు ఆగితే ఇంకేముంది!

గోల్డ్‌ఫిష్‌కు ఇది అవస్థే. గౌరామి, ఫైటర్ చేపలు పైకొచ్చి నేరుగా గాలి పీల్చుకోగలవు. కోతలున్న ఊళ్లో ఇవే నయం.

ఇన్వర్టరుంటే గాలి పంపును దానికి కలపండి, అది తీసుకునేది కొన్ని వాట్లే. లేదంటే బ్యాటరీ పంపు. అదీ లేదా? చెంబు చాలు! తొట్టెలో నీళ్లే ముంచి జానెడు ఎత్తు నుంచి పోస్తుంటే గాలి కలుస్తుంది. నీళ్లు వేడెక్కితే ఐసుముక్కల్ని ప్లాస్టిక్ సంచిలో కట్టి తేలనివ్వాలి.

ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వానే పడే చోట బిందెలకొద్దీ నీళ్లు మార్చడం కుదరని పని. మార్చినప్పుడు పాత నీళ్లు మొక్కలకు పోస్తే ఎరువు కూడా.

ఫిల్టరు గంటలకొద్దీ ఆగితే అందులోని మేలుచేసే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. అందుకే కరెంటు రాగానే స్విచ్చు వేసేయకండి. తొట్టె నీళ్లు కాసిని బకెట్లోకి తీసి, స్పాంజిని అందులో పిండాకే వేయాలి. కుళాయి కింద మాత్రం కడగొద్దు, మిగిలిన బ్యాక్టీరియానూ క్లోరిన్ చంపేస్తుంది.