విద్యుదయస్కాంత వికిరణాలు – వాటి జనకాలు

వికిరణం అనగానే చాలామందికి సెల్ టవర్ గుర్తుకు వస్తుంది. హిమాయత్‌నగర్‌లో మేడమీద టవర్ ఉందని అద్దె ఇల్లు వదులుకొన్నవారిని నేనెరుగుదును. వారే పంటినొప్పికి ఎక్స్-రే రెండోసారి తీయించుకోవడానికి సందేహించరు. ఏ వికిరణం ఎక్కడ పుడుతుందో తెలిస్తే దేనికి భయపడాలో తెలుస్తుంది.

ఆవేశం త్వరణం చెందినప్పుడు విద్యుదయస్కాంత తరంగం వెలువడుతుంది. హైదరాబాదు ఆకాశవాణి మధ్యతరంగ ప్రసారిణి యాంటెన్నాలో ఎలక్ట్రాన్లు సెకనుకు 7,38,000 సార్లు డోలనం చేస్తాయి. అదే 738 కిలోహెర్ట్జ్. కాంతివేగాన్ని దీనితో భాగించి చూడండి, తరంగదైర్ఘ్యం సుమారు 407 మీటర్లు వస్తుంది. 102.8 మెగాహెర్ట్జ్ వివిధ భారతికి అది 3 మీటర్లలోపే. 1800 మెగాహెర్ట్జ్ సెల్ టవర్‌కు దాదాపు 17 సెంటీమీటర్లు. మూడింటి పుట్టుకా ఒక్కటే.

అణువు నుంచి ఎలక్ట్రాన్‌ను తొలగించడానికి సుమారు 10 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. టవర్ నుంచి వచ్చే ఒక ఫోటాన్ శక్తి అందులో పది లక్షల వంతు కూడా ఉండదు. ఫోటాన్ల సంఖ్య పెరిగితే వేడి పెరుగుతుందే తప్ప అయనీకరణం జరగదు. 2011లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఈ తరంగాలను 'క్యాన్సర్ కారకం కావచ్చు' అనే వర్గంలో చేర్చిన మాట నిజమే. ఆధారాలు పరిమితమని కూడా అదే చెప్పింది.

పరారుణ కిరణాలు వేడి వస్తువులన్నిటి నుంచీ, మీ శరీరం నుంచి కూడా, వెలువడుతాయి. పరమాణువులోని ఎలక్ట్రాన్ పై స్థాయి నుంచి కిందికి దిగితే దృశ్యకాంతి గానీ అతినీలలోహితం గానీ రావచ్చు. ట్యూబ్‌లైటులో పాదరసం ఆవిరి ఇచ్చేది ప్రధానంగా 254 నానోమీటర్ల అతినీలలోహితమే. గొట్టం లోపలి తెల్లని పూత దాన్ని వెలుగుగా మారుస్తుంది. పూత లేని దీపాన్ని కొన్ని నీటిశుద్ధి యంత్రాల్లో వాడతారు, దానికేసి చూడకూడదు.

ఎక్స్ కిరణాలనూ గామా కిరణాలనూ తరంగదైర్ఘ్యంతో వేరుచేయబోతే పరీక్షలో తప్పుతారు. వాటి అవధులు కలిసిపోతాయి. తేడా జనకంలో ఉంది. వేగంగా వచ్చే ఎలక్ట్రాన్లు టంగ్‌స్టన్‌ను ఢీకొని ఆగితే ఎక్స్ కిరణాలు. కేంద్రకం నుంచి వెలువడితే గామా కిరణాలు. రెండూ అయనీకరణం చేసేవే, కనుక వైద్యుడు అవసరమన్నప్పుడే ఎక్స్-రే తీయించుకోండి. అయితే ఆ యంత్రం స్విచ్ ఆపితే గదిలో ఇక కిరణాలుండవు. కోబాల్ట్-60కి స్విచ్ లేదు. దాని అర్ధాయువు 5.27 సంవత్సరాలు; వాడినా వాడకపోయినా వెలువరిస్తూనే ఉంటుంది. 2010లో ఢిల్లీలోని మాయాపురి తుక్కు బజారుకు కోబాల్ట్-60 ఉన్న పాత ప్రయోగశాల పరికరమొకటి చేరింది. అందులో ఏముందో తెలియక దాన్ని విడగొట్టారు. ఒక కార్మికుడు చనిపోయాడు, మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు.