ఇనపకమ్మీ ఖరీదెంత?

మా మేనల్లుడి భార్య దగ్గర ఒక నోటుపుస్తకం వున్నది. కొడుకు లెక్కల పుస్తకాల్లో రాయగా మిగిలిన కాగితాలు కుట్టి తయారుచేసుకున్నది. మొదటి పేజీలో అంబులెన్సు, ఏలూరు ఆస్పత్రి దగ్గర ఖర్చులు, తెల్లగుడ్డ, కట్టెలు అని వరసగా పద్దులు. ఆ రాత్రి ఎవరెవరో జేబుల్లోంచి తీసి పెట్టిన డబ్బు తిరిగి ఇవ్వాలి గనక రాసుకున్నదట. అలా మొదలైన పుస్తకం రెండేళ్ళయినా మూతపడలేదు.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆ పుస్తకం నా ముందు పెట్టి అడిగింది:

"మామయ్యగారూ! అన్నీ రాశాను గాని, ఒక్కటి తెలియలేదండీ. ఆ లారీకి వెనకాల వుండవలసిన కమ్మీ, ఎర్రలైటూ... ఆ రెండింటికీ ఎంతవుతుందండీ?"

జంగారెడ్డిగూడెంలో ముప్ఫయ్యేళ్ళకు పైగా పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి. ఆ లెక్క అడిగితే మాత్రం నోట మాట రాలేదు. దాని జవాబుకోసం తిరిగిన తిరుగుడే ఈ నాలుగు మాటలూ.

ఆ రాత్రి జరిగింది

మావాడు ఎరువుల కొట్లో గుమాస్తా. రాజమండ్రిలో ఆస్పత్రిలో వున్న స్నేహితుడి తల్లిని చూసి, ఆ స్నేహితుడి కారులోనే తిరిగి వస్తున్నాడు. దేవరపల్లి, కొయ్యలగూడెం మీదుగా మా వూరు వచ్చే రోడ్డు సంగతి మా వైపువారికి చెప్పనక్కరలేదు. ఖమ్మం వైపునుంచి దిగే బరువు లారీలు, జామాయిల్, సుబాబుల్ దుంగల బళ్ళు, పామాయిల్ గెలల ట్రాక్టర్లు, సీజనులో పొగాకు బేళ్ళు - అన్నీ దాని మీదనే నడవాలి.

వూరు ఇంకా కొద్ది దూరం వుండగా దుంగల లారీ ఒకటి టైరు పోయి ఆగి వున్నది. సగం మార్జిన్లో, సగం రోడ్డు మీద. వెనక లైటు వెలగదు. రేడియం స్టిక్కరు వున్నచోట మట్టి పేరుకున్నది. హెచ్చరికగా నాలుగు రాళ్ళూ, ఒక తుమ్మకొమ్మా పెట్టారు. ఎదురుగా వచ్చే బస్సు వెలుతురు కళ్ళలో కొట్టింది. అంతే. కారు ఎడమపక్క లారీ కిందికి దూరిపోయింది. నడుపుతున్న స్నేహితుడు దవడ విరిగి బతికాడు. ఎడమపక్క కూర్చున్న మావాడు బతకలేదు.

ఇద్దరూ బెల్టు పెట్టుకునే వున్నారు. కారులో ఎయిర్ బ్యాగులూ వున్నాయి. మరి ఎందుకిలా జరిగిందని మెకానిక్కు ఒకాయన్ని అడిగాను. ఆయన రెండు అట్టపెట్టెలు తెచ్చి చూపించాడు.

కారు ముందుభాగాన్ని నలిగిపోవటానికే తయారుచేస్తారట. అది నలుగుతూ దెబ్బను తాను తిని, లోపలి మనిషిని కాపాడుతుంది. కాని అలా నలగాలంటే కారు బంపరు ఎత్తులో గట్టి వస్తువేదైనా తగలాలి. లారీ తొట్టి దాదాపు మనిషి నడుమెత్తున వుంటుంది. కింద అంతా ఖాళీ. బానెట్టు ఆ ఖాళీలో దూరిపోతుంది. తొట్టి అంచు తిన్నగా వచ్చి అద్దాన్నీ, వెనకవున్న తలనూ కొడుతుంది. నలగవలసింది నలగదు. బెల్టు మనిషిని సీటుకు కట్టి వుంచుతుందే గాని, మీదికి వచ్చే ఇనుమును ఆపలేదు.

ఆ ఖాళీకి అడ్డంగా బిగించవలసిందే ఈ ఇనపకమ్మీ.

సినిమాతార పేరు మిగిలింది

ఈ కమ్మీకి అమెరికాలో ఒక సినిమాతార పేరు పెట్టారంటే నమ్ముతారా? జేన్ మాన్స్‌ఫీల్డ్ అని హాలీవుడ్డు తార. 1967 జూన్ 29 తెల్లవారుజామున న్యూ ఆర్లీన్స్ నగరానికి పోతుండగా ఆమె కారు ముందుపోయే పెద్ద లారీ వెనక దూరింది. దోమలమందు పొగలో లారీ కనిపించలేదు. ముందు సీట్లో వున్న ముగ్గురు పెద్దలూ పోయారు. వెనక నిద్రపోతున్న ముగ్గురు పిల్లలూ బతికారు. అప్పటినుంచీ ఆ కమ్మీని అక్కడ మాన్స్‌ఫీల్డ్ కమ్మీ అంటారు.

అయితే ఆ కమ్మీ నేలకు 22 అంగుళాలకన్న ఎత్తున వుండకూడదనే గట్టి నిబంధన అమలులోకి రావటానికి అక్కడ 1998 దాకా పట్టింది. తార పోయిన 31 ఏళ్ళకన్నమాట!

మన దగ్గర మాత్రం పేరున్నవారికి జరగలేదా? నటుడు రవితేజ తమ్ముడు, తానూ నటుడే అయిన భరత్ 2017 జూన్ 24 రాత్రి శంషాబాద్ దగ్గర ఔటర్ రింగు రోడ్డు మీద ఆగివున్న లారీని వెనకనుంచి గుద్దుకునే పోయాడు. నాలుగురోజులు పత్రికలు రాశాయి. తరవాత మరిచిపోయాం.

చట్టం లేకనా అంటే, వున్నది. బరువు లారీల వెనక అడ్డుకమ్మీ వుండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. అది ఎలా వుండాలో చెప్పటానికి 14812 నంబరుతో భారతీయ ప్రమాణమూ వున్నది. దుంగలూ, ఇనపచువ్వలూ బండి వెనకకు పొడుచుకు రావటాన్ని 2014లోనే నిషేధించారు. దారిన పోయేవారికి ప్రమాదం కలిగేటట్టు బండిని రోడ్డు మీద వదలటం 1988 మోటారు వాహనాల చట్టం 122వ సెక్షను కింద తప్పు. ఇన్ని వుండీ ఆ రాత్రి లారీ వెనక వున్నవి నాలుగు రాళ్ళూ, ఒక తుమ్మకొమ్మా!

నోటుపుస్తకంలో పద్దులు

2022లో దేశం మొత్తంమీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్రప్రభుత్వం లెక్క. అంత పెద్ద అంకె మనసుకు ఎక్కదు. నోటుపుస్తకంలో పద్దులు ఎక్కుతాయి.

రెండో పేజీలో "అరెకరం అమ్మకం" అని వున్నది. అది మా బావగారి స్వార్జితం. మూడో పేజీలో "బాబు స్కూలు మార్పు". ఫీజు కట్టలేక సర్కారు బడికి మార్చారు. నాలుగో పేజీనుంచి జమ మొదలవుతుంది: "గ్రేడింగు కూలి". పెళ్ళయినాక గడపదాటి పనికి వెళ్ళని పిల్ల, ఇప్పుడు పొగాకు ఆకు ఏరటానికి వెళుతున్నది. ఘాటుకు రాత్రంతా దగ్గు. ఆ దగ్గుమందు మళ్ళీ ఖర్చులో పద్దు.

ఇది మా ఒక్క ఇంటి కథ అనుకున్నాను. 2021లో ప్రపంచబ్యాంకూ, సేవ్‌లైఫ్ ఫౌండేషన్ కలిసి నాలుగు రాష్ట్రాల్లో విచారించి ఒక నివేదిక వేశారు. ప్రమాదం జరిగిన పేద కుటుంబాల్లో నూటికి 75కు పైగా ఆదాయం పడిపోయిందట. పేదల ఇంట ఆ నష్టం ఏడునెలల సంపాదన కన్న ఎక్కువ, కలవారి ఇంట నెల సంపాదన కూడా కాదు! ఆడవారి మీద అదనంగా పడిన బరువు సంగతీ అందులో రాశారు.

పరిహారం కేసు సంగతి వేరే చెప్పాలి. బీమా కంపెనీ తరపు వకీలు "ఆగివున్న బండిని గుద్దింది కారే కదా, సగం తప్పు కారుదే" అని వాదించాడు. వినటానికి సబబుగానే తోస్తుంది. కాని 2018లో సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటి కేసే వచ్చింది. దీపాలు లేకుండా నడిరోడ్డు మీద ఆపిన గ్యాసు టాంకరును మారుతీ కారు గుద్దుకున్నది. హైకోర్టు తప్పును చెరిసగం చేసింది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. తప్పంతా టాంకరుదేనన్నది. మా వకీలు ఆ తీర్పు దాఖలు చేశాడు. వాయిదాలు నడుస్తున్నాయి. ప్రతి వాయిదాకూ ఒకరోజు కూలి పోయినట్టు ఆ పుస్తకంలో రాసి వున్నది.

లారీ డ్రైవరు మీద నాకు మొదట మహాకోపం. కోర్టు వరండాలో చూశాక తగ్గింది. పాతికేళ్ళ కుర్రాడు. జనం కొడతారని ఆ రాత్రి పొలాలకు అడ్డంపడి పరుగెత్తాడట. ఉద్యోగం పోయింది. కమ్మీ వెయ్యటం, మానటం అతని చేతిలో లేదు. లైటు సంగతి చెబితే "ట్రిప్పు దించి రా, చూద్దాం" అన్నారట.

జవాబు

చివరికి మా వూళ్ళోనే వెల్డింగు షాపుకు వెళ్ళి అడిగాను.

"కమ్మీ, లైటూ, రేడియమూ అన్నీ కలిపినా కొత్త లారీ టైరు ఖరీదు అవదు మాస్టారూ! బండి గెంటుకు తగులుతుందనీ, లోడింగుకు అడ్డమనీ వున్నదాన్నే కోయించుకుపోతారండి" అన్నాడు.

ఆ సాయంత్రమే వెళ్ళి మా అమ్మాయికి చెప్పాను. పెన్సిలు తీసుకుని రాసుకున్నది. ఒక పక్క టైరులో కొంత. ఇంకో పక్క అరెకరం, బడి, దగ్గు, మనిషి. కింద గీతగీసి కూడలేదు. కూడటానికి ఏమున్నది?

పాఠకులకు నా మనవి ఒక్కటే. మీ ఇంట లారీ వుంటే, కనీసం ట్రాక్టరు ట్రక్కయినా వుంటే, రేపు పొద్దున్నే దాని వెనక్కి వెళ్ళి నిలబడండి. తడిగుడ్డతో మట్టి తుడవండి. లైటు వెలుగుతుందో లేదో చూడండి. కమ్మీ వంగిపోతే సరిచేయించండి. బండి చెడితే రోడ్డు దింపి, మూడుమూలల ఎర్రపలక దూరంగా పెట్టించండి. దారిలో ఎవరికైనా దెబ్బ తగిలితే పోలీసు భయం పెట్టుకోకుండా ఆస్పత్రికి చేర్చండి. ఏడురోజులదాకా లక్షన్నర రూపాయల వైద్యం డబ్బు కట్టకుండా జరిగే పథకం 2025 మే నెలలో కేంద్రం పెట్టింది.

మావాడి కొడుకు ఇప్పుడు ట్రాక్టరు కనిపిస్తే ముందుకు కాదు, వెనక్కి వెళ్ళి చూస్తున్నాడు. ఎనిమిదేళ్ళ పిల్లవాడికి వచ్చిన ఆ అలవాటు మనకూ రావాలి.