పోస్టు వేస్తే పన్ను గట్టిపడదు

"లోపల పోస్టు దించుతారటగా డాక్టరమ్మా, ఇక ఢోకా లేదు" అన్నారు మాస్టారు. పోస్టు, అంటే వేరులో దించే సన్నని కడ్డీ, పంటికి బలమివ్వదు. వేరు పట్టుతో పైన కట్టిన బిల్డప్ ఊడకుండా చూడటమే దాని పని. గోడలు మిగిలిన దవడ పంటికి చాలాసార్లు అదీ అక్కర్లేదు. ఊరికే తొలిస్తే ఉన్న వేరు పలచబడుతుంది.

ఆయన రూట్ కెనాల్ చేయించుకుని, క్యాప్ వాయిదా వేస్తూ వచ్చారు. ఈలోగా చేగోడీ కొరికితే పై ముందుపన్ను చిగురు దాకా విరిగింది. నేను చూసేది ఆ చిగురునే. ఎముక అంచుకు పైన సుమారు 2 మిల్లీమీటర్ల మేర కండ పంటిని అంటిపెట్టుకుని ఉంటుంది. 1961లో శవాల దవడలు కొలిచి తేల్చిన సగటు ఇది. క్యాప్ అంచు అందులోకి చొరబడితే చిగురు ఎర్రబడుతుంది, బ్రష్ తగిలితే నెత్తురొస్తుంది, లోపల ఎముక అరిగిపోతుంది. ఎంత ఖరీదైన క్యాప్ వేసినా ఇంతే.

మరోపక్క, క్యాప్ పట్టుకోవడానికి చుట్టూ ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల గట్టి పన్ను కావాలి. బకెట్ అంచుకు వేసిన ఇనుప పట్టీలా ఆ చుట్టే వేరు చీలకుండా కాస్తుంది. మాస్టారికి లోపలివైపు అది లేదు. ఎముక కోసి చిగురును పైకి జరపవచ్చు, కానీ పక్క పళ్ళ ఎముకా పోతుంది, నవ్వితే ఎగుడుదిగుడు. అందుకని వేరులో చిన్న కొక్కెం అతికించి, పక్క పళ్ళకు కట్టిన తీగకు రబ్బరు దారంతో లాగాం. వేరు కొద్దికొద్దిగా కిందికి జారింది. ఎముక కూడా వెంట రాకుండా మధ్యమధ్య చిగురు పీచులు కోశాను.

"ఈ వయసులో పళ్ళకు తీగలేంటమ్మా, మనవరాలు నవ్వుతోంది!"

"నవ్వనివ్వండి మాస్టారూ, పన్ను దక్కుతుంది."

తర్వాత ఉమ్ము తగలకుండా రబ్బరు డ్యామ్ కట్టి, రూట్ కెనాల్‌లో నింపిన గట్టాపెర్చాను వేరు చివర నాలుగైదు మిల్లీమీటర్ల మేర కదపకుండా ఫైబర్ పోస్టు వేశాను. ఫైబర్ వంగే తీరు పంటి తీరుకు దగ్గర. చెడితే ఎక్కువగా అతుకు ఊడుతుంది, మళ్ళీ వేసుకోవచ్చు. బిరుసు లోహపు పోస్టు చెడినప్పుడు వేరు నిలువునా చీలడం ఎక్కువ. అప్పుడు చిగురు చుట్టూ మామూలుగా ఉండి, ఒక్కచోట మాత్రం చిగురు లోతు కొలిచే ప్రోబ్ సర్రున దిగిపోతుంది. ఆ పన్ను తీసేయాల్సిందే.

నా అసలు గొడవ వేరే. రూట్ కెనాల్ అయ్యి నొప్పి తగ్గగానే చాలామంది మాయమవుతారు, తాత్కాలిక ఫిల్లింగ్‌తోనే నెలలు గడిపేస్తారు. దాని అంచుల్లోంచి ఉమ్ము, దాంతో సూక్ష్మక్రిములు దిగుతాయి. 1995లో రే, ట్రోప్ అనే పరిశోధకులు ఎక్స్‌రేలు పరిశీలించి, వేరు కొసన ఎముక బాగుండాలంటే పైకప్పూ బాగుండాలని చూపించారు. అయినా "క్యాప్ సంక్రాంతి తర్వాత చూద్దాంలెండి" అనే ఫోన్ వస్తూనే ఉంటుంది.