ఆటలలోని దారుల కూర్పు

వీడియో ఆటల పేరెత్తగానే తల్లిదండ్రులలో పలువురు నొసలు చిట్లింతురని మేమెఱుగుదుము. వారితో వాదించుట మా యుద్దేశము కాదు. అయితే ఆ యాటలలో వీరుడు తిరుగాడు కోటలను, వీథులను, సొరంగములను ఎవరో యొకరు ఆలోచించి గీయవలెను గదా! ఆ గీయుటలో నొక విద్య కలదు. దానిని గూర్చియే యిచ్చట వ్రాయుచున్నాము.

కత్తియుద్ధమును, వీరుని శక్తులు క్రమముగా పెరుగుటయు కలిసిన యాటలను యాక్షన్ రోల్‌ప్లేయింగ్ ఆటలందురు. 1996లో వెలువడిన డయాబ్లో వీనిలో మిక్కిలి పేరొందినది. అందు ట్రిస్ట్రమ్ అను పల్లెలోని కెథీడ్రల్ క్రింద 16 అంతస్థులు ఒకదాని క్రింద నొకటిగా నుండును. క్రొత్త ఆట మొదలిడినప్పుడెల్ల గదుల యమరికను కంప్యూటరు క్రొత్తగా కల్పించును. కావున నిన్నటి దారిని గుర్తుంచుకొనినను నేడు ప్రయోజనము లేదు. దారమునకు గ్రుచ్చిన పూసలవలె నొకదాని తరువాత నొకటి దాటుచు దిగిపోవుటయే.

జపానులోని ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సంస్థ 2011లో వెలువరించిన డార్క్ సోల్స్ వేఱొక త్రోవ త్రొక్కినది. దాని నిర్దేశకుడు మియజాకి హిదెటాకా. 17 ఏండ్లు నిండనివారికి తగదని అమెరికాలో నిర్ణయింపబడిన యాట గనుక చిన్న తరగతుల వారిని దాని జోలికి పొమ్మని మేము చెప్పుట లేదు. దారుల సంగతి మాత్రము వినుడు.

ఈ యాటలో పటమే లేదు. ఫైర్‌లింక్ అను శిథిలాలయమున నొక నెగడు మండుచుండును. దాని కడ విశ్రమించినచో గాయములు మానును. కాని చంపబడిన శత్రువులలో పెక్కుమంది మరల లేతురు. దారిలో వీరుడు చచ్చినచో సంపాదించి వాడుకొనక మిగిల్చిన ఆత్మల సంపద యంతయు ఆ చోటనే పడియుండును. తాను మాత్రము కడపటి నెగడు వద్ద లేచును. మరల నచ్చటికి పోయి దానిని తీసికొనవలెను. పోవుచు నడుమ నింకొకసారి చచ్చెనా, అది శాశ్వతముగా పోయినట్లే. కాబట్టి ముందునకు వేయు ప్రతి యడుగుతోడను నెగడు దూరమగును, భయము పెరుగును.

ఫైర్‌లింక్ నుండి మెట్లెక్కిపోయి అన్‌డెడ్ బర్గ్ అను పేటను చేరుదురు. అచ్చటనొక నెగడు కలదు. దానిని దాటి, ప్రాకారముపై నొక భూతమును గెలిచి, పెద్ద వంతెన మీదికి పోగా డ్రాగను నిప్పు క్రక్కును. వంతెన క్రిందుగా పోవువారికి మడచియున్న నిచ్చెన యొకటి కనబడును. కాలితో తన్నగానే యది జారి క్రిందికి దిగును. దిగి చూడగా వెనుకటి నెగడే! ఇంతసేపు ప్రాణములు బిగబట్టి వచ్చిన దూరమంతయు నొక్క నిచ్చెనపాటి యయ్యెను. మఱికొంత దూరము పోయి చర్చిలోని లిఫ్టు నెక్కినవారు చాలసేపు క్రిందికి దిగి, ఫైర్‌లింక్‌లోనే తేలుదురు. మొదటిసారి మే మా స్థలమును పోల్చుకొనుటకు కొంత తడవు పట్టినది. పోల్చుకొనిన పిమ్మట కుర్చీలో వెనుకకు వ్రాలి నిట్టూర్చితిమి.

బ్లైట్‌టౌన్ అను చోటు మఱింత కఠినము. కుళ్ళిన కఱ్ఱమంచెలపై నుండి విషపు బురదలోనికి దిగవలెను. ఆ యడుగున తిరుగుచున్న నీటిచక్రము పై కెక్కించును. పైన నొక లోయ, దానినంటి న్యూ లండో శిథిలములు, అచ్చటనుండి లిఫ్టు, మరల ఫైర్‌లింక్! నడుమ నొక తలుపునకు తాళముండును. దాని చెవి బ్లైట్‌టౌన్‌లోని పెట్టెలోనే దొరకును.

గణితము చదువు విద్యార్థులు దీని కిటుకును సులభముగా గ్రహింపగలరు. పది స్థలములను కలుపుటకు తొమ్మిది దారులు చాలును. అంతవఱకు ఏ రెండు స్థలముల నడుమనైనను ఒక్కటే త్రోవ. పదియవ దారి పడగానే ఎక్కడనో యొక చుట్టు ఏర్పడును. వచ్చిన త్రోవనే మరలకుండ వేఱు వైపునుండి యింటికి చేరవచ్చును. ఆ నిచ్చెనయు, లిఫ్టును, నీటిచక్రమును ఇట్టి పదియవ దారులే.

ఇట్లు కూర్చుట సులభము కాదు. ఎత్తుపల్లములు ఒకదానితో నొకటి సరిపోవలెను. 2014లో వచ్చిన రెండవ డార్క్ సోల్స్‌లో గాలిమర కట్టడము కొననుండి లిఫ్టు పైకి పోయి, కరగిన రాతి మడుగుల నడుమనున్న యినుపకోటను చేరును. బయటనుండి చూచినచో ఆ గాలిమరపై ఏ కొండయు లేదు! ఆటగాండ్రు దీనిని నేటికిని ఎత్తిపొడుచుచుందురు. పైగా అందు మొదటినుండియే ఒక నెగడునుండి మఱియొక నెగడునకు క్షణములో పోవచ్చును. తొలి యాటలోనైతే ఆనోర్ లండో నగరమున నొక పాత్ర లభించువఱకు ఆ సౌకర్యము లేదు. లభించిన తరువాతను కొన్ని నెగళ్ళకే చెల్లును. ఆ పాత్ర దొరకిన పిమ్మట మేము నడచుట తగ్గించితిమి. పొద్దు మిగిలిన మాట నిజమే. కాని తరువాత చూచిన చోట్లు ఏది యేదాని ప్రక్కనుండునో యడిగిన మేము తడబడుదుము. మొదట కాలినడకను తిరిగిన చోట్లనైతే కన్నులు మూసికొని గీయగలము.

అదే సంస్థ 2022లో వెలువరించిన ఎల్డెన్ రింగ్‌లో విశాలమైన మైదానములున్నవి. పటమును, క్షణప్రయాణమును ఆరంభమునుండియే యున్నవి. అయినను స్టార్మ్‌వీల్ కోటలో అడుగిడినవారికి ఒక ప్రక్కనుండియే తెరచుకొను తలుపులును, దాటివచ్చిన చోటికే దింపు లిఫ్టులును మరల నెదురగును.