నితీశ్ రెడ్డికి ఇన్ని గాయాలు ఎందుకు? బంతి వేసే పిల్లలున్న మన ఇళ్లు తెలుసుకోవలసిన లెక్క

విశాఖపట్నం కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి పేరు రెండు రకాలుగా వార్తల్లోకి వస్తోంది. ఒకటి ఆట, రెండోది గాయం. 2024 డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో ఎనిమిదో స్థానంలో దిగి 114 పరుగులు చేసినప్పుడు కోలారు జిల్లాలోని తెలుగు ఇళ్లలో కూడా పండగలాగే ఉంది. ఆ తర్వాతి ఏడాదిలో అదే కుర్రాడు గాయాల నుంచి కోలుకుంటూ చాలాకాలం గడిపాడు.

దాంతో చాలామంది నోట ఒకటే మాట: 'ఆట బాగుంది గానీ ఒళ్లు తట్టుకోదేమో.' ఈ మాట ఎంతవరకు నిజం? అసలు ఆల్‌రౌండర్లకే ఈ బెడద ఎందుకు ఎక్కువ? కేజీఎఫ్, బంగారుపేట, ముళబాగిలు, శ్రీనివాసపురం మైదానాల్లో రోజూ బంతి వేస్తున్న మన పిల్లలకు ఇందులో ఏం పాఠం ఉంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఇప్పటిదాకా ఏం జరిగింది?

నితీశ్ 2003 మే 26న పుట్టాడు. 2024 ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ హైదరాబాద్ తరఫున 303 పరుగులు చేసి, ఆ ఏడాది వర్ధమాన ఆటగాడి అవార్డు అందుకున్నాడు. వెంటనే జింబాబ్వే పర్యటనకు భారత జట్టులో చోటు వచ్చింది. కానీ స్పోర్ట్స్ హెర్నియా కారణంగా వెళ్లలేకపోయాడు. అతని స్థానంలో శివమ్ దూబెను తీసుకున్నారు. అంటే భారత జట్టులోకి వచ్చిన మొదటి పిలుపే గాయంతో చేజారింది.

అక్టోబరులో బంగ్లాదేశ్ మీద టీ20 ఆడాడు, నవంబరులో పెర్త్‌లో టెస్టు ఆడాడు. ఆస్ట్రేలియాలో అయిదు టెస్టులూ పూర్తి చేసి వచ్చాక, 2025 జనవరిలో ఇంగ్లండ్‌తో టీ20 సిరీస్ మొదట్లోనే పక్కటెముకల దగ్గర కండరం పట్టేసింది. మిగతా సిరీస్ పోయింది.

అదే ఏడాది జూలైలో లార్డ్స్ టెస్టు తొలిరోజు ఒకే ఓవరులో ఇంగ్లండ్ ఓపెనర్లిద్దరినీ ఔట్ చేశాడు. కొద్ది రోజులకే ఎడమ మోకాలికి గాయమై మిగిలిన రెండు టెస్టులకు దూరమయ్యాడు. అక్టోబరులో ఆస్ట్రేలియా పర్యటనలో వన్డేల్లో అడుగుపెట్టాడు. అడిలైడ్‌లో ఎడమ తొడ ముందు కండరం దెబ్బతింది. దాన్నుంచి కోలుకుంటుండగా మెడ పట్టేసి తొలి మూడు టీ20లు ఆడలేదు.

గజ్జల భాగం, పక్కటెముకలు, మోకాలు, తొడ, మెడ. ఏడాదిన్నర కూడా కాకుండానే అయిదు చోట్ల. వరస చూస్తే భయం వేయడం సహజమే. అయితే ఒక సంగతి గమనించాలి. ఇది ఒకే గాయం పదేపదే తిరగబెట్టడం కాదు. పాత గాయం మళ్లీ మళ్లీ వస్తుంటే ఆ చోటు బలహీనపడిందని అర్థం. వేర్వేరు చోట్ల వస్తుంటే మొత్తం శరీరం మీద పడుతున్న బరువును ఒకసారి లెక్కచూడాలి.

బంతి వేస్తే శరీరంలో ఏం జరుగుతుంది?

పేస్ బౌలింగ్ మనిషి శరీరం సహజంగా చేసే పని కాదు. పరుగెత్తుకొచ్చి, ముందుకాలిని నేలకు గట్టిగా ఆనించి, నడుమును ఒక పక్కకు వంచి, మెలితిప్పి, చేతిని పైనుంచి తిప్పుతారు. ముందుకాలు నేలను తాకే క్షణంలో దాని మీద బౌలరు బరువుకు అయిదారు రెట్లు, కొందరిలో అంతకంటే ఎక్కువ భారం పడుతుంది. అరవై కిలోల కుర్రాడైతే ప్రతి బంతికీ మూడు వందల కిలోలకు పైమాటే. అది పాదం నుంచి మోకాలికి, తొడకు, నడుముకు పాకుతుంది.

కుడిచేతి బౌలరుకు పక్కటెముకల గాయం ఎక్కువగా ఎడమవైపు వస్తుంది. చేయి తిప్పే ముందు ఆ వైపు కండరం బాగా సాగి, వెంటనే బిగుసుకోవాలి. అలసిన కండరం ఆ పని చేయలేక పొరపొరగా చీలుతుంది. మానడానికి మామూలుగా నెల, నెలన్నర పడుతుంది. తొందరపడి దిగితే మళ్లీ చీలుతుంది.

స్పోర్ట్స్ హెర్నియా పేరు విని పేగు జారడం అనుకుంటారు. అది వేరు, ఇది వేరు. పొత్తికడుపు, గజ్జలు కలిసే చోట కండరాలూ వాటిని ఎముకకు పట్టి ఉంచే పోగులూ దెబ్బతినడం ఇది. హఠాత్తుగా మలుపులు తిరిగే ఆటలన్నింటిలో వస్తుంది.

కుర్రవాళ్లలో అన్నిటికంటే ప్రమాదకరమైనది నడుము వెన్నుపూసలో వచ్చే సన్నని పగులు. దీన్నే స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. ఇది ఒక్క దెబ్బతో విరిగేది కాదు. రోజూ కొంచెం కొంచెం అరిగి, మానే వ్యవధి దొరకక చివరకు పగులుతుంది. నడుము దగ్గరి ఎముక పూర్తిగా గట్టిపడటానికి ఇరవై దాటి ఇంకా కొన్నేళ్లు పడుతుంది. పధ్నాలుగు, పదిహేనేళ్ల పిల్లవాడు ఎత్తు పెద్దవాడిలా కనిపించినా, ఎముక ఇంకా పసిదే.

గని పనిచేసిన ఇళ్లకు ఈ తీరు కొత్త కాదు. కేజీఎఫ్ గనుల్లో సిలికోసిస్ ఒక్కరోజులో రాలేదు. ధూళి రోజూ కొంచెం లోపలికి పోయింది. బయటకు ఏమీ కనపడలేదు. కనపడేసరికి ఊపిరితిత్తులు పాడైపోయాయి. జబ్బు వేరైనా, చప్పుడు లేకుండా పోగుపడే తీరు మాత్రం ఇదే. ఒక పెద్ద తేడా ఏమిటంటే, ఎముక పగులును ముందే పట్టుకుంటే పూర్తిగా మానుతుంది.

ఆల్‌రౌండర్‌కే ఎందుకు ఎక్కువ?

బ్యాటరు బ్యాటింగ్ అయ్యాక కూర్చోవచ్చు. బౌలరు బంతులు వేశాక కూర్చోవచ్చు. ఆల్‌రౌండరుకు ఆ వెసులుబాటు లేదు. నెట్స్‌లో రెండూ చేయాలి, మైదానంలో పరుగెత్తాలి, జిమ్‌కు పోవాలి.

దీనికితోడు ఆట రకాలు మారుతుంటాయి. టీ20లో గరిష్ఠంగా నాలుగు ఓవర్లు. టెస్టులో ఒకే రోజు పది, పదిహేను వేయాల్సి రావచ్చు. 2025 ఐపీఎల్‌లో నితీశ్ పక్కటెముకల గాయం నుంచి వచ్చి ప్రధానంగా బ్యాటరుగానే ఆడాడు, బౌలింగ్ చాలా తక్కువ. వెంటనే ఇంగ్లండ్‌లో టెస్టు బౌలింగ్. క్రీడా వైద్యులు భయపడేది ఇలాంటి హెచ్చుతగ్గులకే. ఎక్కువ వేయడం కంటే, తక్కువ నుంచి ఎక్కువకు ఒక్కసారిగా దూకడం శరీరాన్ని ఎక్కువగా దెబ్బతీస్తుంది. అతని గాయాలన్నిటికీ ఇదొక్కటే కారణమని అనడం తొందరపాటే అవుతుంది. మోకాలి గాయం బౌలింగ్‌లో కాక జిమ్‌లో అయిందని వార్తలు వచ్చాయి.

మరి అతని భవిష్యత్తు?

ఇరవై రెండేళ్లకే ఒకరి ఒళ్లు ఇంతేనని తేల్చేయడానికి క్రికెట్ చరిత్ర ఒప్పుకోదు. ఆస్ట్రేలియా పేసర్ ప్యాట్ కమిన్స్‌ను చూడండి. 2011 నవంబరులో 18 ఏళ్లకు జొహానెస్‌బర్గ్‌లో తొలి టెస్టు ఆడి మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ అయ్యాడు. రెండో టెస్టు ఆడింది 2017 మార్చిలో, రాంచీలో. మధ్య అయిదేళ్లకు పైగా ఎక్కువగా వెన్ను గాయాలతోనే పోయాయి. తర్వాత అతనే ఆస్ట్రేలియా కెప్టెన్ అయి 2023లో వన్డే ప్రపంచకప్ ఎత్తాడు.

హార్దిక్ పాండ్యా 2018 ఆసియా కప్‌లో నడుము నొప్పితో స్ట్రెచర్ మీద బయటకు వెళ్లాడు. 2019లో శస్త్రచికిత్స జరిగింది. ఆపై చాలాకాలం బౌలింగ్ తగ్గించుకుని బ్యాటరుగా నిలబడ్డాడు. 2024 టీ20 ప్రపంచకప్ ఫైనల్లో ఆఖరి ఓవరు వేసింది అతనే. కానీ టెస్టులు మాత్రం 2018 తర్వాత ఆడలేదు. అంటే తిరిగి రావచ్చు, దానికి ఒక్కోసారి కొంత వదులుకోవాలి.

మన తెలుగువాళ్లలోనూ ఉదాహరణలున్నాయి. పీవీ సింధు 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచింది ఎడమ చీలమండ నొప్పితోనే. తర్వాత అది స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలి, ప్రపంచ చాంపియన్‌షిప్‌తోపాటు నెలల తరబడి ఆటకు దూరమైంది. 2010లో మొహాలీలో వీవీఎస్ లక్ష్మణ్ నడుము నొప్పితో రన్నరును పెట్టుకుని 73 పరుగులతో నాటౌట్‌గా నిలిచి ఆస్ట్రేలియా మీద గెలిపించాడు. ఆ ఇన్నింగ్స్ గురించి గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకునేటప్పుడు పక్కన ఒక మాట కూడా చేర్చాలి: అప్పుడు లక్ష్మణ్ వయసు 35, ఎముక ఎదిగిన మనిషి. పదిహేనేళ్ల పిల్లవాడికి ఆ కథ ఆదర్శంగా చెప్పకూడదు.

మన పిల్లల సంగతి

నితీశ్ కోసం తండ్రి ముత్యాల రెడ్డి ఉద్యోగం వదులుకున్న సంగతి అందరికీ తెలుసు. మన జిల్లాలోనూ అలాంటి తల్లిదండ్రులున్నారు. తెల్లవారకముందే పిల్లవాణ్ణి లేపి, మారికుప్పం నుంచో బంగారుపేట నుంచో రైలెక్కించి బెంగళూరు అకాడమీకి పంపేవాళ్లు, కిట్ కోసం నగ కుదువ పెట్టేవాళ్లు. తప్పేమీ లేదు. కానీ ఇంట్లోవాళ్లు ఇంత పెట్టారని తెలిసిన పిల్లవాడు నొప్పి వస్తే చెప్పడు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

ఇంకో చిక్కు, లెక్క చూసే మనిషి లేకపోవడం. బడి జట్టుకు ఒక పీఈటీ సారు, అకాడమీలో ఒక కోచ్, ఆదివారం టెన్నిస్ బంతి టోర్నమెంటుకు వీధి కెప్టెన్. ఎవరికివారు 'నేను వేయించింది కొంచెమే' అంటారు. మూడూ కలిపితే ఎంతో ఎవరికీ తెలియదు.

అంతర్జాతీయ ఆటగాడికి ఆ లెక్క చూడటానికి ఒక వ్యవస్థే ఉంది. బీసీసీఐ 2024లో బెంగళూరు ఉత్తర శివారులో కొత్త సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ ప్రారంభించింది. గాయపడ్డ భారత ఆటగాళ్లు కోలుకునేది అక్కడే. మన జిల్లాకు అది కొన్ని గంటల దూరమే అయినా, మన పిల్లలకు ఆ తలుపు తెరుచుకోదు. కాబట్టి ఆ లెక్క ఇంట్లోనే రాయాలి.

ఎంత వేయవచ్చు? ఇంగ్లండ్ బోర్డు చాలా ఏళ్లు తమ పేస్ బౌలర్లకు పెట్టిన హద్దు ఇది. 13 ఏళ్ల లోపు పిల్లలు ఒక విడతలో 5 ఓవర్లు, రోజుకు 10. 14, 15 ఏళ్ల విభాగాల్లో విడతకు 6, రోజుకు 12. 16 నుంచి 19 వరకు విడతకు 7, రోజుకు 18. నెట్స్‌లో వేసిన బంతులకూ హద్దు ఉండాలి. శరీరానికి నెట్స్ అనీ మ్యాచ్ అనీ తేడా తెలియదు.

చేయవలసినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు:

ఒక నోటుపుస్తకం పెట్టండి. ఏ రోజు ఎన్ని బంతులు వేశాడో పిల్లవాడితోనే రాయించండి. బడి, అకాడమీ, వీధి అన్నీ కలపాలి. ఆదివారం మొత్తం కూడండి.

వారానికీ వారానికీ మధ్య పెద్ద దూకుడు వద్దు. ఎస్సెస్సెల్సీ పరీక్షల కోసం రెండు నెలలు బంతి ముట్టని పిల్లవాడు వేసవి శిబిరంలో తొలివారమే రోజుకు వంద బంతులు వేయకూడదు. కొద్దికొద్దిగా పెంచుతూ నాలుగైదు వారాల్లో పాత లెక్కకు రావాలి.

వారంలో ఒక రోజయినా పూర్తి విశ్రాంతి, ఏడాదిలో కొన్ని వారాలు బౌలింగ్‌కు సెలవు ఉండాలి. ఆ రోజుల్లో ఫుట్‌బాల్, హాకీ ఆడుకోనివ్వండి. కేజీఎఫ్ మైదానాలకు ఆ ఆటలు కొత్తవి కావు.

గట్టినేల మీద, సిమెంటు పిచ్ మీద వేసేవాళ్లకు అడుగు అరిగిన బూట్లు వద్దు. బ్యాటు ఖరీదు తగ్గించుకునైనా మంచి బూట్లు కొనండి.

ఆడపిల్లల విషయంలో తిండి మీద ఇంకా శ్రద్ధ కావాలి. ఆటకు తగ్గ తిండి లేక నెలసరి ఆగిపోతే అది సిగ్గుపడి దాచే విషయం కాదు. ఎముక బలహీనపడుతోందన్న హెచ్చరిక కావచ్చు. డాక్టరుకు చూపించాలి.

డాక్టరు దగ్గరకు ఎప్పుడు?

ఒళ్లంతా నొప్పులుగా ఉండి రెండు రోజుల్లో తగ్గితే అది అలసట. నడుములో ఒక పక్కనే నొప్పి, అదీ వెనక్కి వంగితే ఎక్కువవుతుంటే, రెండు వారాలైనా పోకపోతే, బౌలింగ్ ఆపి ఎముకల డాక్టరుకు చూపించాలి. నొప్పిబిళ్ల వేసి మ్యాచ్ ఆడించవద్దు. బిళ్ల నొప్పిని దాస్తుందే గానీ పగులును ఆపదు.

ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారని నిశ్చింతగా ఉండవద్దు. తొలిదశ పగులు ఎక్స్‌రేలో తరచు కనపడదు, ఎంఆర్ఐలో దొరుకుతుంది. కోలారులోని ఎస్ఎన్ఆర్ జిల్లా ఆసుపత్రిలోగానీ, తమకలోని ఆర్ఎల్ జాలప్ప ఆసుపత్రిలోగానీ ఎముకల విభాగంలో 'మావాడు పేస్ బౌలరు, వారానికి ఇన్ని బంతులు వేస్తాడు' అని నోటుపుస్తకం చూపించండి. ఆ ఒక్క మాటతో డాక్టరు ఆలోచించే దారే మారవచ్చు.

పగులు అని తేలితే మూడు నెలలకు తక్కువ కాకుండా, ఒక్కోసారి ఆరు నెలలు బౌలింగ్ మానాలి. పదిహేనేళ్లవాడికి ఆరు నెలలంటే ఒక సీజన్. ఆ సీజన్ పోతే సెలెక్షన్ పోతుందని ఇల్లంతా బాధపడుతుంది. కమిన్స్‌కు పోయింది అయిదేళ్లు. పగులు మీదే ఆడించి ఎముక అతుక్కోకుండా పోతే మాత్రం ఆ నష్టం ఒక్క సీజన్‌తో తీరదు.

అందుకే ఆట ముగించి ఇంటికి వచ్చిన పిల్లవాణ్ణి 'ఎన్ని వికెట్లు?' అని అడగండి, తప్పులేదు. దాంతోపాటు 'ఎన్ని బంతులు వేశావు? ఎక్కడైనా నొప్పిగా ఉందా?' అనీ అడగండి. ఉందని చెప్పిన రోజు తిట్టకండి. నొప్పి చెప్పుకోవచ్చని తెలిసిన పిల్లవాడే ఎక్కువ కాలం ఆడతాడు.